పన్నెండు పాయింట్ ఎనిమిది

"నేనే చంపినానక్కా. రాసుకోండి," అన్నాడు శరత్‌కుమార్.

వరదమ్మ పెన్ను మూత తియ్యలేదు. ఇరవై రెండేళ్ళు పోలీసు ఉద్యోగం చేసి, హెడ్ కానిస్టేబులుగా బయటికొచ్చి, తిరువళ్ళూరు బస్టాండు వెనక జిరాక్సు అంగడి మేడమీద ప్రైవేటు డిటెక్టివ్ బోర్డు తగిలించుకుని ఆరేళ్ళయింది. నేరం ఒప్పుకున్నవాళ్ళను చాలామందిని చూసింది. కొందరు ఏడుస్తూ ఒప్పుకుంటారు, కొందరు తిట్టుకుంటూ ఒప్పుకుంటారు. ఈ కుర్రాడు మాత్రం బట్టీపట్టిన పాఠం అప్పజెబుతున్నట్టు ఒప్పుకుంటున్నాడు.

సోమవారం ఉదయం పదకొండయింది. తిరుత్తణి దాటాక ఒక చిన్న స్టేషన్లో వెనకగది. సాయంత్రం నాలుగింటికి శరత్‌ను మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. అక్కడ కూడా ఇదే మాట చెప్పాడంటే ఇక ఆ మాటను వెనక్కి తియ్యడం ఎవరి వల్లా కాదు. పొద్దున్నే ఆమె గది మెట్లెక్కి వచ్చిన శరత్ తండ్రి పాల్‌రాజ్ ఒకే ఒక్క మాటన్నాడు: "మావాడు అబద్ధమాడితే నాకు తెలస్తాది తల్లీ. ఇప్పుడు ఆడతాండాడు."

కేసు పెద్దదేమీ కాదు, ఒక పేజీలో పడుతుంది. ఆర్.కె.పేట పక్కన గొల్లమిట్టలో పచ్చయ్యప్ప నాయుడు అనే అరవైమూడేళ్ళ రైతు. ఊపిరితిత్తులు చెడిపోయి, ఇంట్లోనే ఆక్సిజన్ మిషన్ పెట్టుకుని బతుకుతున్నాడు. కరెంటు పోతే మిషన్ ఇన్వర్టరు మీద నడుస్తుంది. ఇన్వర్టరు బ్యాటరీ పాతది. అది ఎంతసేపు మోస్తుందో తెలియడానికి, ఇన్వర్టర్లు రిపేరు చేసే శరత్ ఒక మీటరు తయారుచేసి గోడకు బిగించాడు. పోయిన మంగళవారం వాన. పదకొండూ ఐదుకు కరెంటు పోయింది. పన్నెండూ పదికి మీటరు పన్నెండు పాయింట్ ఎనిమిది చూపించింది. ఇంకా గంటకు భయం లేదని కూతురు మంజు మందుల అంగడికి వెళ్ళింది. పన్నెండూ యాభైయైదుకు తిరిగి వచ్చేసరికి మిషన్ ఆగిపోయి ఉంది, తండ్రికి ఊపిరి లేదు.

శరత్ మంజును పెళ్ళి చేసుకుంటానని అడిగాడు. క్రైస్తవుల పిల్లవాడని పచ్చయ్యప్ప ఆగస్టులో వీధిలో నిలబెట్టి తిట్టి తరిమేశాడు. కోపంలో శరత్ అన్న మాట పదిమంది విన్నారు: "నీ ఊపిరి నా తీగ మీదే నడస్తాండాది పెద్దాయనా, గుర్తు పెట్టుకో."

"ఎట్లా చంపినావు?" అంది వరదమ్మ.

"మీటరు మార్చి."

"నాకు కరెంటు సంగతులు తెలీవు నాయనా. మా ఇంట్లో ఫ్యూజు పోతే పక్కింటాయన్ని పిలస్తాను. ఆ మీటరు ఏం చేస్తాదో చిన్నబిడ్డకు చెప్పినట్టు చెప్పు."

శరత్ బల్లమీద వేలితో నాలుగు గీతలు గీశాడు, ఒకదానికింద ఒకటి.

"బ్యాటరీ పన్నెండు ఓల్టులక్కా. దాన్ని కొలిచేది చిన్న చిప్పు. దానికి ఐదు ఓల్టులు దాటితే కాలిపోతాది. నేరుగా ఇయ్యకూడదు. అందుకని నాలుగు రెసిస్టర్లు వరసగా పెట్టినాను. నాలుగూ ఒకే కొలత, పది లక్షల ఓములు. సమానం గదా, పన్నెండు ఓల్టుల్ని తలా మూడు పంచుకుంటాయి. అన్నిటికన్నా అడుగునుండే దాని దగ్గర చిప్పుకు తీగ తగిలిస్తే దానికి కనబడేది మూడే. మూడిని నాలుగుతో గుణించుకోని పన్నెండని చూపిస్తాది."

"అంత పెద్ద రెసిస్టర్లు దేనికి?"

"చిన్నవి పెడితే మీటరే బ్యాటరీని తాగతా కూచుంటాది. పది లక్షలంటే చీమ తాగినంత కూడా తాగదు." అంటున్నప్పుడు అతని ముఖం ఒక్క నిమిషం వెలిగింది. తను చేసిన వస్తువు గురించి చెప్పే పనివాడి వెలుగు అది. "పదకొండున్నరకు దిగితే బజరు కూస్తాది. కూస్తే పెద్దాయన్ని వెంటనే పక్కనుండే ఆక్సిజన్ సిలిండరుకు మార్చమని చెప్పినాను. పన్నెండుకు పైన ఉంటే ఇంకో గంట భయం లేదని చెప్పినాను."

"మరి యాడ మార్చినావు?"

వెలుగు ఆరిపోయింది. "పైదాన్ని తీసేసి ఐదు లక్షలది పెట్టినాను. పైన తగ్గితే అడుగుదానికి ఎక్కువ వాటా వస్తాది. బ్యాటరీ దిగిపోయినా మీటరు ఎక్కువే చూపిస్తాది. బజరు కుయ్యదు."

"ఎప్పుడు?"

"ఆగస్టులో. నన్ను తరిమే ముందు."

"తరిమే ముందే నీకు కోపమొచ్చిందా?"

శరత్ బల్లమీద గీతలు గీసిన చోటును అరచేత్తో తుడిచాడు.

"సరి, పోనీ. మళ్ళీ పాతది ఎప్పుడు పెట్టినావు?"

"పెట్టలేదక్కా. అట్లనే ఉండాది."

వరదమ్మ అప్పుడు పెన్ను మూత తీసి ఆ రెండు ముక్కలే రాసుకుంది. అట్లనే ఉండాది.

*

ముందుగదిలో సబ్-ఇన్‌స్పెక్టర్ నటరాజన్ టీ తాగుతూ నవ్వాడు.

"ఏం వరదక్కా, తేల్చేసినావా? గుమ్మంలో వెంట్రుక, గోడమీద గోరు, ఏమన్నా దొరికినాయా?"

"నీకు నేను పంచనామా రాయడం నేర్పిన దినం, శవాన్ని చూసి చెయ్యి వణికి మూడు కాయితాలు చించినావు. ఆ వణుకు ఇంకా పోలేదా, లేక ఇప్పుడు కాయితాలే చూడకుండా ఉండావా?"

పక్కబల్ల దగ్గర కాయితాలు రాస్తున్న రైటరు తల వంచుకుని దగ్గాడు. నటరాజన్ గ్లాసు కింద పెట్టాడు. "ముద్దాయి తనే నడిచొచ్చి ఒప్పుకున్నాడక్కా. ఇంకేం కావాల?"

"ఎప్పుడొచ్చినాడు? మంజును నువ్వు రెండోసారి స్టేషనుకు పిలిపించిన గంటకి. అది నీకు తోచలేదా? సరి, ఆ మీటరు తెప్పించు."

జానెడు చెక్కముక్క మీద బిగించిన ఆకుపచ్చ బోర్డు. పైన మూత లేదు. డబ్బా తెచ్చి బిగిస్తానని చెప్పిన మనిషిని ఆలోపే తరిమేశారు కదా. బోర్డు అంచున నాలుగు రెసిస్టర్లు వరసగా ఉన్నాయి. వరదమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని ఒక్కొక్కదాని మీదా వేలు పెట్టి చూసింది. గోధుమ, నలుపు, ఆకుపచ్చ చారలు. నాలుగింటి మీదా అవే చారలు, అదే వరస.

"నీ ముద్దాయి ఒకదాన్ని మార్చినానంటాడు. ఇంకా అట్లనే ఉండాదంటాడు. నాలుగూ ఒకటే గదా ఇక్కడ?"

"జనం మూగినప్పుడు దూరి, మళ్ళీ మార్చేసుంటాడు."

"వెనక చూడు. ఎనిమిది చోట్ల సాల్డరింగు చుక్కలు. ఎనిమిదీ ఒకే మాదిరి మసిబారినాయి. నిన్నగాక మొన్న పెట్టినదైతే తళతళమంటా ఉండాల."

నటరాజన్ బోర్డు తీగల్ని కిటికీ బయట జీపు బ్యాటరీకి తగిలించమన్నాడు. ఎర్ర అంకెలు వెలిగాయి: 12.6. డ్రైవరు తన టెస్టరు పెట్టి చూశాడు. అదీ పన్నెండు పాయింట్ ఆరే.

"చూస్తివా? బంగారం మాదిరి పనిచేస్తాంది. అంటే ఆ దినం పన్నెండు పాయింట్ ఎనిమిది చూసినానన్న ఆ పిల్ల అబద్ధమాడతాంది."

వరదమ్మ బోర్డును వెలుతురుకు తిప్పింది. పైనుంచి రెండో రెసిస్టరు కిందా చుట్టూ ఏదో ఎండిపోయి పొరలా అతుక్కుని ఉంది. పసుపుపచ్చగా, మధ్యలో కొంచెం ఎరుపు. గోటితో గీకబోయి ఆగింది. వంగి వాసన చూసింది. చాలా సన్నగా, గంధం.

"మంగళవారం నుంచి ఇది యాడుండాది?"

"బీరువా మింద. ఎండ పడే చోటే. ఎందుకు?"

"ఊరికే." అని నోరు బోర్డు దగ్గరగా పెట్టి, అద్దం తుడవబోయేవాళ్ళు ఊదినట్టు, పొడుగ్గా ఊపిరి వదిలింది.

12.6. 13.1. 13.9. 14.2.

అంకె కాసేపు అక్కడే నిలిచి, తడి ఆరేకొద్దీ మెల్లిగా దిగి మళ్ళీ పన్నెండు పాయింట్ ఆరుకు వచ్చింది. వరదమ్మ ఈసారి పొర లేని చివరన ఊదింది. అంకె ఉన్నచోటే ఉంది.

"జీపు బ్యాటరీ బలం నా ఊపిరికి పెరగలేదు గదా నటరాజా? ఈ గంధం ఎండినప్పుడు రాయి. తడిసినప్పుడు దారి. కరెంటు కొంచెం రెసిస్టరులో పోకుండా పక్కనుంచి, ఈ గంధంలోనుంచి పోతాది. ఐదు లక్షలది పెట్టినా అదే, ఇదీ అదే. మంగళవారం వాన. గదంతా చెమ్మ. బ్యాటరీ పదకొండుకు దిగిపోయినా ఇది పన్నెండు పాయింట్ ఎనిమిదే అంటాది. ఆ పిల్ల అబద్ధమాడలేదు. అబద్ధమాడింది మీటరు."

నటరాజన్ చాలాసేపు బోర్డునే చూశాడు. తర్వాత అతని ముఖంలో వచ్చిన మార్పు వరదమ్మకు నచ్చలేదు.

"గంధం, కుంకుమ. పూజలో పెట్టింది. వాడు క్రిస్టియన్, వాడు పెట్టడు. ఇంట్లో ఉండేది తండ్రీ కూతురే. అంటే వాడు ఉపాయం చెప్పినాడు, ఆమె పూసింది. ఇద్దరూ కలిసే చేసినారు."

"నీకేమన్నా పిచ్చా?"

"నాలుగింటికి ఇద్దర్నీ నిలబెడతా. మూడున్నరకు జీపు గొల్లమిట్టకు వస్తాది."

పక్కనే, శరత్‌ను తిరిగి పెట్టిన లాకప్పు కమ్మీలు దడదడమన్నాయి.

"ఆమెకు తెలీదు సార్! ఆమెకు ఏమీ తెలీదు! సుమ్మా, ఊరికే పండగని పెట్టుంటాది!"

వరదమ్మ కమ్మీల దగ్గరికి వెళ్ళింది. శరత్ రెండు చేతులతో వాటిని పట్టుకుని నిలబడ్డాడు.

"ఆ దినమే చూసినావు గదా?" అంది మెల్లిగా.

"పెద్దాయన్ని మంచం మిందనుంచి దించేటప్పుడు చూసినానక్కా. తడితడిగా మెరస్తాండాది. ఒక్కసారి చూసినా, చాలు. అర్థమైపోయింది." నుదురు కమ్మీలకు ఆనించాడు. "ఆయుధపూజకి ఇంట్లో అన్నింటికీ పెట్టినట్టు దీనికీ పెట్టుంటాది. నేను చేసిన వస్తువని ఇంకా ప్రేమగా పెట్టుంటాది. తన వేలే నాయన ప్రాణం తీసిందని తెలిస్తే ఆ పిల్ల బతుకుతాదా? నేను జైల్లో ఉంటే పదేళ్ళు. ఆమెకు తెలిస్తే జన్మంతా. చెప్పొద్దక్కా. నీ కాళ్ళు పట్టుకుంటా."

ఇన్నేళ్ళ ఉద్యోగంలో వరదమ్మ నిజం కోసం చాలామందిని పీడించింది. నిజం చెప్పొద్దని ఇట్లా బతిమాలినవాణ్ణి చూడలేదు. ఏమీ మాట ఇవ్వకుండా బయటికి నడిచింది.

*

గొల్లమిట్ట చేరేసరికి ఒకటిన్నర.

మంజుకు ఇరవై ఒకటో ఏడు. వారం రోజుల్లో కళ్ళకింద గుంటలు పడ్డాయి. గది తలుపు తీసి పక్కకు నిలబడింది, లోపలికి మాత్రం రాలేదు. పోలీసులు దేన్నీ కదిలించొద్దన్నారు కాబట్టి ఇనుప మంచం అట్లాగే ఉంది. మంచం కుడిపక్క గోడకు ఇన్వర్టరు. దానిపైన బోర్డు బిగించిన నాలుగు మరల బెజ్జాలు. తలవైపు ఆక్సిజన్ మిషన్. ఒక మూల ఎవరూ తెరవని సిలిండరు. ఎవరన్నా ఒక్కరు దగ్గరుండి చక్రం తిప్పి ఉంటే ఆయన బతికేవాడు.

"మీటరు దినామూ చూసేదానివా?"

"రెండు పూటలా చూసి క్యాలెండర్లో రాసేదాన్ని. మీటరు బిగించిన దినం ఆయప్ప రాయమన్నాడు."

అక్టోబరు పేజీలో పెన్సిలుతో చిన్న చిన్న అంకెలు. మొదటి తారీకు బుధవారం, ఆయుధపూజ. పొద్దున పదమూడున్నర. సాయంత్రం పదిహేను పాయింట్ మూడు. గురువారం పదిహేను. శుక్రవారం పద్నాలుగు పాయింట్ రెండు. శనివారం మళ్ళీ పదమూడు పాయింట్ ఆరు. ఆదివారం సాయంత్రం పద్నాలుగు పాయింట్ తొమ్మిది, పక్కనే 'వాన' అని రాసి ఉంది. సోమవారం పదిహేను పాయింట్ మూడు. మంగళవారం పొద్దున పదిహేను పాయింట్ నాలుగు. ఆ తర్వాత గళ్ళన్నీ ఖాళీ.

"పదిహేను దాటిందే, నీకు భయం కాలేదా?"

"బ్యాటరీకి బలమొచ్చిందనుకున్నాను," అంది మంజు. "తగ్గితే భయపడమన్నాడు. పెరిగితే ఏం చెయ్యాలో చెప్పలేదు. పాపం, చెప్పేదానికి మళ్ళీ రానిచ్చినారా? ఆ దినం వదిలిపెట్టి పోయింది నేనే గదక్కా. నాయనే పొమ్మన్నాడు, అంగడి ఒంటిగంటకు మూసేస్తారమ్మే అని. పన్నెండు పాయింట్ ఎనిమిది ఉండాది నాయనా, వచ్చేస్తా అన్నాను. సరి అన్నాడు."

అడగాల్సిన ప్రశ్న వరదమ్మ నాలిక చివరన ఉంది, అడగడానికే మనసు రావడం లేదు.

"ఆయుధపూజ దినం వస్తువులకు బొట్లు పెట్టింది నువ్వేనా?"

"లేదక్కా. నేను ఆ మూడు దినాలు దూరంగా ఉన్నాను. వెనక వసారాలోనే కూచున్నాను, పూజ గిన్నెలు ముట్టుకోలేదు. మా మేనత్త వచ్చి చేసింది. రంగనాయకమ్మత్త, పక్కిల్లే."

వరదమ్మ ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. లాకప్పులో కూర్చుని ఒకడు పదేళ్ళ జైలుకు సిద్ధపడింది, ఈ పిల్ల చెయ్యని పనికి.

"అయితే మీ అత్తను పిలువు తల్లీ. నాకు కొంచెం కాఫీ కూడా పెట్టు."

మంజు వెళ్ళాక వరదమ్మ గదినీ వసారానూ చుట్టివచ్చింది. పూజలో పెట్టిన బొట్లు ఇంకా ఉన్నాయి. కుట్టుమిషను మీద, మోటారు స్టార్టరు మీద, కొడవలి పిడి మీద, ఇన్వర్టరు ముందు పలక మీద. అన్నీ ఉంగరపు వేలితో పెట్టిన చిన్న గుండ్రటి గంధం చుక్కలు, కొలిచినట్టు నడిమధ్యన కుంకుమ. నిదానమైన చెయ్యి. బోర్డు మీదిది అట్లా లేదు. మందంగా, వెడల్పుగా, కిందికి జారినట్టు ఉంది.

ఆమె చెప్పులు విడిచి ఆ మంచం మీద వెల్లకిలా పడుకుంది. చచ్చిపోయిన మనిషి చోట పడుకోవడం ఆమెకు ఇష్టంలేదు. కుడిచెయ్యి ఎత్తి చాచింది. బొటనవేలు సరిగ్గా బోర్డు ఉన్న చోటికే వెళ్ళి ఆగింది. చెయ్యి దించుతూ, పక్కనున్న ఇనుప కమ్మీ లోపలివైపు తడిమింది. గరుకుగా తగిలింది. లేచి చూసింది. కమ్మీ లోపలి భాగాన, పడుకున్నవాళ్ళకు తప్ప ఎవరికీ అందని చోట, వేలు తుడుచుకున్న గంధం ఎండిపోయి ఉంది.

*

రంగనాయకమ్మ వస్తూనే విరుచుకుపడింది. అరవై దగ్గరపడిన గట్టి మనిషి. శరత్ మీద స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చింది ఆమే.

"ఆ కిరస్తానం పిల్లోడి తరపున వచ్చినావంట? మా అన్నను మింగినోడికి సాక్ష్యాలు ఏరేదానికి వచ్చినావా? ఇదేనా నీకు బతుకుతెరువు?"

"కూచోండి వదినా. ఒక్క సంగతి అడిగి పోతాను. ఆయుధపూజ దినం ఇంట్లో అన్నిటికీ గంధం పెట్టింది మీరేనా?"

"నేనే."

"గోడకున్న ఆ మీటరుకు కూడా?"

ఒక రెప్పపాటు ఆలస్యమైంది. "ఆమా. దానికీ నేనే."

"ఏ వేలితో?"

"ఏ వేలితో పెడతారు? ఉంగరపు వేలితో."

"కుట్టుమిషను మిందది ఉంగరపు వేలే. మీటరు మిందది బొటనవేలు. మీరు నిలబడి పెట్టినారు. అది పెట్టిన మనిషి పడుకోని పెట్టినాడు. పెట్టి, వేలు ఈ కమ్మీకి తుడుచుకున్నాడు. వచ్చి చూడండి, వదినా."

రంగనాయకమ్మ చూడలేదు. గోడకు ఆనుకుని అట్లాగే జారి నేలమీద కూర్చుంది. గొంతులో ఆ జోరు ఎక్కడికి పోయిందో పోయింది.

"నేను దాన్ని వదిలేసినాను," అంది చివరికి. "వాడు చేసినదానికి నా చేత్తో బొట్టు పెట్టేదేంది అని వదిలేసినాను. మా యన్న చూస్తానే ఉన్నాడు. 'దాన్నెందుకు వదిలేస్తివే రంగా? నా ఊపిరికి కాపలా కాసేది అదే గదా' అన్నాడు. నేను పలకలేదు. 'గిన్నె ఇట్లియ్యి' అన్నాడు. చెయ్యి వణకతాండాది. బొటనవేలితో ఇంత గంధం తీసి తనే పూసినాడు. దానిమింద కుంకుమ అద్దినాడు."

ఇప్పటిదాకా ఆమెకు తెలియని సంగతి ఆ గంధం ఏం చేసిందన్నది. వరదమ్మ రెండు ముక్కల్లో చెప్పింది. వాన, తడి, పక్కదారి, కుయ్యని బజరు. వింటున్నకొద్దీ రంగనాయకమ్మ చెయ్యి నోటిమీదికి వెళ్ళింది.

"మా యన్నే... తన చేత్తోనా?"

"తెలిసి చేసింది కాదు గదా వదినా. ఎవరి తప్పూ లేదు. ఆ పిల్లోడు మంజే పెట్టిందనుకోని, ఆమెకు తెలీకూడదని నేరం నెత్తినేసుకున్నాడు. సబ్-ఇన్‌స్పెక్టరేమో ఇద్దర్నీ తీసుకుపోతానంటాడు. మీరొచ్చి ఈ మాట చెప్తే చాలు, ఇద్దరూ బయటపడతారు."

"ఎవరి తప్పూ లేదా?" రంగనాయకమ్మ వింతగా చూసింది. "ఉండాది."

వరదమ్మ ఆమె పక్కన నేలమీద కూర్చుంది.

"గంధం పూసినాక నాతో ఒక మాటన్నాడు. శుక్రవారం ఆ పిల్లోణ్ణీ, వాళ్ళ నాయన్నీ రమ్మని చెప్పంపమన్నాడు. నేను చెప్పంపలేదు. ఒంట్లో బాగలేక మెత్తబడినాడు, రెండు దినాలు పోతే మర్చిపోతాడు అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. అన్న పోయినాక ఇంక చెప్పేదేముంది అనుకున్నాను. వాడిమింద కంప్లైంటు ఇచ్చినాను."

వరదమ్మ చూపు గోడమీది క్యాలెండరు వైపు పోయింది. శుక్రవారం, మూడో తారీకు. పద్నాలుగు పాయింట్ రెండు. శరత్ ఆ రోజు ఈ గదిలో అడుగుపెట్టి ఉంటే ముందు చూసేది తన బోర్డునే. చూసిన మరు నిమిషం చొక్కా కొసతో తుడిచేసి ఉండేవాడు. ఆమె ఆ మాట పైకి అనలేదు. అనాల్సిన అవసరం లేకపోయింది. రంగనాయకమ్మ కూడా ఆ బెజ్జాల వైపే చూస్తోంది.

"ఆ పిల్లోడు వచ్చుంటే..." అంది.

"ఆమా," అంది వరదమ్మ.

"అత్తా."

గుమ్మంలో మంజు. చేతిలో కాఫీ గ్లాసు ఒరిగిపోయి, కాఫీ వేళ్ళమీదుగా కారుతోంది. ఎప్పటినుంచి నిలబడిందో.

"నాయన ఏమన్నాడో ఇంకోసారి చెప్పత్తా. ఒక్క మాట కూడా వదలొద్దు."

రంగనాయకమ్మ తల ఎత్తలేదు. నేలను చూస్తూనే చెప్పింది.

"'శుక్రవారం మంచిది రంగా. ఆ పిల్లోణ్ణీ, వాళ్ళ నాయన్నీ రమ్మను. వీధిలో తిట్టినాను గదా, నడింట్లో కూచోబెట్టి వెనక్కి తీసుకోవాల. మంజుకు ఇప్పుడే చెప్పొద్దు. వాళ్ళొచ్చినప్పుడు దాని ముఖం ఎట్లుంటాదో నేను చూడాల' అన్నాడు."

మంజు గ్లాసును జాగ్రత్తగా కింద పెట్టింది. ఏడవలేదు. ఏదో లెక్క ఇప్పుడే సరిపోయినట్టు మెల్లిగా తల ఊపింది.

"అందుకేనా? శుక్రవారం పొద్దున్నే గడ్డం గీయమన్నాడు. తెల్లచొక్కా తియ్యమన్నాడు. మూడు దిండ్లు వెనకపెట్టి కూచోబెట్టమన్నాడు. పడుకుంటేనే ఆయాసం, కూచుంటే ఇంకా ఆయాసం. పడుకో నాయనా అంటే వినలేదు. దీపాలు పెట్టిందాకా వాకిలి కల్లా చూస్తా కూచున్నాడు. ఎవరొస్తారు నాయనా అంటే నవ్వినాడు. చీకటి పడినాక, చొక్కా తీసెయ్ మంజూ, ఎవరూ రారులే అన్నాడు."

రంగనాయకమ్మ నోటినుంచి వచ్చింది ఏడుపు కాదు. ఎక్కడో లోపల ఏదో చిరిగినట్టు ఒక శబ్దం.

బయట జీపు ఆగింది. మూడూ ఇరవై. నటరాజన్ అనుకున్నదానికంటే పది నిమిషాలు ముందే వచ్చాడు. వెంట ఆడ కానిస్టేబులు ఉంది. "మంజు ఎవరు? బయల్దేరమ్మా," అన్నాడు గుమ్మంలోనుంచే.

వరదమ్మ అడ్డంగా నిలబడబోయింది. అంతకుముందే రంగనాయకమ్మ గోడ పట్టుకుని లేచింది. కొంగు నడుముకు దోపుకుంది. చెప్పులు కూడా వేసుకోకుండా, నటరాజన్‌ను తోసుకుంటూ వెళ్ళి జీపు వెనక సీట్లో ఎక్కి కూర్చుంది.

"ఏయ్ పెద్దమ్మా, నిన్నెవరు ఎక్కమన్నారు? నాలుగింటికి మేజిస్ట్రేటు దగ్గర ఉండాల మేము."

"మేజిస్ట్రేటుకు తరవాత చెప్తాను," అంది రంగనాయకమ్మ. "ముందు నన్ను ఆ పిల్లోడి దగ్గరికి తీసుకోనిపో. మా యన్న రమ్మన్నాడని వాడికి చెప్పాల."